వెనక సీటు దాకా

ఇంజను ఆపగానే తలుపు వేసేయకూడదు.
బస్సు చివరి దాకా నడవాలి,
సీటు సీటుకీ వంగి కింద చూడాలి,
వెనక అద్దం పక్కన ఎర్ర బొత్తాం నొక్కాలి.
నొక్కేదాకా బస్సు కీచుమంటూనే ఉంటుంది.
షార్జాలో నా ఉద్యోగం ఇంతే:
ఏ పిల్లనీ ఎండలో మరిచిపోకపోవడం.

దీనికి రెండు రోజుల శిక్షణ, ఒక సర్టిఫికెట్టు.
చెమట ఆగిపోతే ఏం చేయాలో,
నాలుక పిడచకడితే ఏం చేయాలో,
తడిగుడ్డ మెడ మీద ఎక్కడ వేయాలో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
డ్రైవరు గుల్ జమాన్ కూడా చెబుతాడు, పష్తోలో.

ఎనిమిదో తరగతి ఋత్విజ్ అల్ నహ్దాలో ఎక్కుతాడు.
నిరుడు నా పక్కనే కూచునేవాడు.
వాళ్ల లిఫ్టు ఎన్నిసార్లు ఆగిందో
కింద బకాలా కొట్లో పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టిందో
అన్నీ కావాలి వాడికి.
ఈ ఏడు వెనక సీటు.

ఏప్రిల్లో ఓ పొద్దున అందరూ దిగారు, వాడు దిగలేదు.
"జ్వరమా బాబూ?" కాదు.
"ఎవరైనా కొట్టారా?" కాదు.
"కడుపు నొప్పా?"
కాసేపు ఆలోచించి,
కొట్లో అడిగిన రంగు లేకపోతే
ఉన్నదాంట్లో ఒకటి తీసుకున్నట్టు
"ఆఁ, అదే" అన్నాడు.

నర్సమ్మ చీటీలో గళ్లుంటాయి.
జ్వరం, వాంతి, దెబ్బ, కడుపు నొప్పి.
ఆఖరి గడిలో టిక్కు పడింది.
ఆ నెల తొమ్మిదిసార్లు పడింది.
తొమ్మిది మాత్రలు, తొమ్మిది గ్లాసుల నీళ్లు.
పదోసారి వాళ్లమ్మకి ఫోను:
బయటి తిండి తగ్గించండి.

నవ్వకండి. నేనూ అదే చేశాను.
రాజోలు హాస్టల్లో మా ఎస్తేరు ఇంటరు చదివేటప్పుడు
ప్రతి ఆదివారం ఫోన్లో కడుపు నొప్పే అనేది.
వాము నమలవే అనేదాన్ని.
నమిలీ నమిలీ ఏడాది గడిపింది పిచ్చితల్లి.
దానికి పేరుందని తనకీ తెలీదు, నాకూ తెలీదు.
మా ఇద్దరికీ ఆ పాఠం తప్ప
అన్నీ చెప్పారు బళ్లో.

ఒకరోజు వాడి సంచి నేనే మోశాను, బియ్యం మూటలా ఉంది.
బొమ్మలు తిరగేశాను.
ఎడారి మొక్క నీళ్లెలా దాచుకుంటుందో ఉంది.
మంటలు లేస్తే ఏ మెట్ల మీదుగా దిగాలో
ఎక్కడ వరుస కట్టాలో బాణాలు గీసి మరీ ఉంది.
మంట కనబడకుండా మండితే
ఎటు దిగాలో ఏ పేజీలోనూ లేదు.

సెప్టెంబరు పొద్దుల్లో ఇక్కడ
ఆవిరి అద్దానికి బయటి వైపు పడుతుంది.
లోపల కూచున్నవాడు ఎంత తుడిచినా పోదు.

వారానికి ఒక్క పీరియడ్ చాలండీ.
లెక్కలకీ అరబ్బీకీ మధ్య ఇరికించండి, మార్కులొద్దు.
దిగులుకీ విసుగుకీ తేడా చెప్పండి.
గొంతులో ఉండకట్టేది ఒక్కోసారి మామూలేనని,
ఒక్కోసారి డాక్టరు చూడాల్సిందేనని,
ఎప్పుడూ సిగ్గుపడాల్సింది మాత్రం కాదని.
పక్కవాడు మాట్లాడకపోతే
జోకు వేయకుండా పక్కన కూచోవడం ఎలాగో.
నర్సమ్మ చీటీకి ఇంకో గడి.
మా ఆయాలకి మూడో రోజు శిక్షణ,
జీతం కోసుకున్నా వస్తాను.

సాయంత్రం బస్సు కాగితం నింపాలి.
లోపాలు అని ఒక వరస ఉంటుంది.
ఏసీ చల్లగా లేదు, పద్నాలుగో సీటు బెల్టు ఊడింది,
ఇలాంటివి రాస్తాం.
ఇవాళ తెలుగులో రాశాను:
చివరి సీట్లో ఒకడు ఉండిపోయాడు,
బొత్తాం నొక్కినా కీచు ఆగలేదు.

సూపర్‌వైజరు రెజీ కాగితం అటూ ఇటూ తిప్పాడు.
"ఏమిటిది, బ్రేకులా?"
చెప్పడానికి నా హిందీ చాలదు.
అయినా కుర్చీ లాగి కూచోబెట్టాను.